అత్తగారు పడ్డ కథ

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ లాండ్రీ అక్క అనేవారు. నర్సులు సరే, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళయిన వార్డు మనుషులు కూడా అక్కా అనే పిలిచేవారు. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికే విభాగమంతా ఆమె చేతికింద నడిచేది. ఆస్పత్రి అడుగు అంతస్తులో, మనిషి దూరగలిగినంత పెద్ద డ్రమ్ములు వరసగా తిరుగుతుంటాయి. వాటి పక్కన నీళ్ళు పిండే యంత్రాలు, ఆ పక్కన ఆవిరి కక్కే ఇస్త్రీ రోలర్లు. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే కడుపులోంచి అరవాల్సిందే. పెళ్ళికి ముందే ఆ పనిలో చేరింది. గొంతు ఆ యంత్రాలకు తగ్గట్టే పెరిగింది. ఇంట్లో మంచినీళ్ళు అందుకోమని మామూలుగా అన్నా ఎదురింటి కిటికీ తెరుచుకునేది.

ఆమె భర్తకు పడనిది సరిగ్గా ఆ గొంతే.

ఆయన భూముల సర్వే ఆఫీసులో నక్షలు గీసేవాడు. గట్టిగా తుమ్మడం కూడా మర్యాద కాదనుకునే మనిషి. చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పి బిగించే అలవాటు ముదిరి ముదిరి హెడ్‌ఫోన్ల పిచ్చిగా మారింది. యాంప్లిఫయర్లు సొంతంగా తయారుచేసేవాడు. పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు ఎక్కడెక్కడివో తెప్పించి, ఇనుప పెట్టె మీద నిలబెట్టి, అవి ఎర్రగా వెలుగుతుంటే పసిపిల్లను చూసినట్టు చూసుకునేవాడు. గాయని ఏ పదం దగ్గర ఊపిరి తీసుకుందో, వయొలిన్ వాయించేవాడి కుర్చీ ఎక్కడ కిర్రుమందో చెప్పేవాడు. ఆ పిచ్చి ఉన్న స్నేహితులు ఆయనకు ‘బంగారు చెవులు’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన తల వంచుకుని నవ్వేవాడు కానీ, వద్దనేవాడు కాదు.

పెళ్ళైన కొత్తలో ఆ పిచ్చి ఆమెకు ముద్దుగానే ఉండేది. డ్యూటీ దిగి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తలకు తగిలించి, “కళ్ళు మూసుకో. ఎడమవైపు ఎవరో గిటార్ వాయిస్తున్నారు, వినిపిస్తోందా?” అని అడిగేవాడు. పొద్దంతా యంత్రాల మధ్య గింగురుమన్న చెవుల్లోకి ఆ సంగీతం చల్లగా దిగేది. ఆమె అలాగే నిద్రపోయేది. ఆయన నవ్వుకుంటూ తీగ తీసి చుట్టిపెట్టేవాడు. ఇంట్లో చివరి గదిని ఆయన పాటల గదిగా మార్చుకుంటానంటే, ఆస్పత్రిలో ఇస్త్రీ రోలర్లకు చుట్టి పాతబడ్డాక పారేసే మందపాటి ఉన్ని గుడ్డను ఆమే మోసుకొచ్చింది. బయటి చప్పుడు రాకుండా దాన్ని గోడలకు మేకులతో కొట్టడానికి సాయం పట్టింది. తలుపు అంచులకు రబ్బరు పట్టీలు కొలిచి కోసి ఇచ్చింది కూడా ఆమే.

తర్వాత్తర్వాత ఆ గదిలోకి వెళ్ళాలంటే ఆమెకు ఒళ్ళు మండేది. ఏదైనా అడుగుదామని తలుపు తీస్తే ఆయన కళ్ళు తెరవడు. చూపుడువేలు ఒకటి పైకెత్తుతాడు. ఒక్క నిమిషం అని దానర్థం. ఆ నిమిషానికి ఎంత పొడుగుంటుందో పాటను బట్టి ఉంటుంది. గ్యాస్ అయిపోయిందన్నా వేలే, తన తమ్ముడికి జ్వరమన్నా వేలే. పాట అయ్యాక తీరిగ్గా హెడ్‌ఫోన్లు దించి, “ఇప్పుడు చెప్పు. మెల్లగా చెప్పు” అనేవాడు. అప్పటికి ఆమె చెప్పాలనుకున్నది కోపం కింద నలిగిపోయి ఉండేది.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె తల్లికి మోకాళ్ళు సహకరించడం మానేశాక వచ్చి వీళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా రిటైరైంది. మాట మెత్తన. ఎంత మెత్తనంటే, కూతురు “గట్టిగా చెప్పమ్మా, చచ్చిపోతున్నా” అని విసుక్కునేది. అల్లుడికి మాత్రం ఆ గొంతు నచ్చింది. “మీ అమ్మగారిని చూసి నేర్చుకో” అనేవాడు. అత్తా అల్లుళ్ళిద్దరూ సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని, పక్కనున్నవాళ్ళకు కూడా వినపడనంత చిన్నగా కబుర్లు చెప్పుకునేవారు. ఆమెకు ఒక్కోసారి తనే ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది.

ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాయి. చెవుల్ని పూర్తిగా కప్పేసి, వెనక్కూడా మూసి ఉండే రకం. అత్తగారు స్నానానికి వెళ్ళింది. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

లాండ్రీ ఆఫీసు ఫోన్ మోగింది. కింది వాటా టైలరమ్మ. “అక్కా, మీ అమ్మగారు బాత్రూంలో పడ్డట్టున్నారు. వెంటిలేటర్లోంచి మూలుగు వినపడుతోంది. తలుపు బాదాను, బెల్లు కొట్టాను, ఎవరూ తియ్యడంలేదు. అన్నయ్యగారు ఇంట్లో లేరా?”

ఇంట్లోనే ఉన్నాడని ఆమెకు తెలుసు. ఫోన్ మీద ఫోన్ చేసింది. ఎత్తలేదు. రబ్బరు బూట్లతోనే రోడ్డు మీదికి పరుగెత్తింది. దొరికిన ఆటో ఎక్కి, దిగి, మెట్లెక్కి, తాళంచెవి తిప్పి తలుపు తీసింది. అమ్మ బాత్రూం గడప మీద అడ్డంగా పడి ఉంది. ఒంటిమీద సగం తడిసిన తువ్వాలు. కాలు తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. వెనకే లోపలికొచ్చిన టైలరమ్మ అమ్మ పక్కన కూలబడి తల ఒళ్ళో పెట్టుకుంది. లాండ్రీ అక్క చివరి గది తలుపు తోసింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్ళు మూసుకుని, పెదవి చివర చిన్న నవ్వుతో. గాలి కదిలిందో, నేల అదిరిందో, ఎవరో వచ్చారని తెలిసింది. కళ్ళు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తాడు.

ఆ వేలును ఆమె తర్వాత చాలాకాలం కలలో చూసింది.

నిజం చెప్పాలంటే ఆ తర్వాత ఆయన చెయ్యాల్సిందంతా చేశాడు. అత్తగారిని అంబులెన్సు దాకా మోశాడు. ఆపరేషన్ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వరండాలో గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. తుంటి ఎముకకు ఇనుప కడ్డీ వేశారు. అమ్మ తను పనిచేసే ఆస్పత్రిలోనే ఉన్నన్నాళ్ళూ, ఆ వార్డు గుర్తున్న దుప్పట్లు కిందికి దిగగానే వాటిని ఎవరికీ ఇవ్వకుండా తన చేత్తోనే డ్రమ్ములో వేసింది లాండ్రీ అక్క. వేస్తూ పైకి తిట్టేది. ఆ హోరులో ఎవరికీ వినపడదు గనక నోటికొచ్చినట్టు తిట్టేది. భర్తను తిట్టేది, ఆ గదిని తిట్టేది, ఆ రోజు డ్యూటీ మార్చుకోనందుకు తనను తాను తిట్టుకునేది.

అమ్మ ఇంటికొచ్చింది. వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఆయన కొన్నాళ్ళు గది ముఖం చూడలేదు. తర్వాత దుమ్ము దులపడానికి వెళ్ళాడు. తర్వాత ట్యూబులు వేడెక్కకపోతే పాడవుతాయని వెళ్ళాడు. తర్వాత కారణాలు చెప్పడం మానేశాడు. ఆమె ఏమీ అనలేదు. ప్రమాదం అన్నాక జరుగుతుంది, ఆయన మాత్రం కావాలని చేశాడా అని తనకు తాను చెప్పుకుంది. మనసు వినేది కాదు. అయినా చెప్పుకుంటూ పోయింది.

ఆ ఊళ్ళో హెడ్‌ఫోన్ల ప్రియులు ఏడాదికోసారి పెద్ద ఎత్తున కలుస్తారు. ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకుని, పక్కపక్కన పెట్టి, ఏది గొప్పదో తేల్చుకుంటారు. ఆ ఏడు ఒక ఫర్నిచర్ షోరూం పైఅంతస్తులో పెట్టుకున్నారు. ఆయనకు మెడ పట్టేసింది. ట్యూబుల యాంప్లిఫయరేమో లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్లతో బండరాయంత బరువు.

“కాస్త ఆ డబ్బా మోసిపెడతావా? నువ్వయితే తడి దుప్పట్లు మోసిన చెయ్యి” అన్నాడు భర్త. ఆదివారం. టైలరమ్మ అమ్మ దగ్గర కూర్చుంటానంది. సరేనని వెళ్ళింది.

హాలు నిండా అమ్మకానికి పెట్టిన సోఫాలు. వాటికి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఎవరు కదిలినా కరకరమంటున్నాయి. కరకరమన్నప్పుడల్లా నలుగురు “ష్” అంటున్నారు. బల్లల మీద నల్లవి, వెండివి, చెక్కవి, రకరకాల పెట్టెలు. ఒక్కోదాని ముందు ఒక్కో మనిషి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. నోళ్ళు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళలా ఉన్నారని ఆమె అనుకుంది. నిజంగానే ఆ గుంపుకు పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయన ఎదురొచ్చి, “రండి వదినగారూ, మీ చేత బరువులు మోయిస్తున్నాడా?” అన్నాడు.

“మోస్తే అరిగిపోతానా అన్నయ్యగారూ! ఎక్కడ పెట్టమంటారు?” అంది ఆమె. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి కళ్ళు తెరిచారు. వెనక సోఫాలోంచి ఎవరో, “మైకు వదిన వచ్చారు” అన్నారు. కిసుక్కుమని నవ్వులు.

ఆ పేరు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. భర్త వైపు చూసింది. ఆయన తీగ ముడి విప్పుతున్నాడు. ముడి లేని తీగను అంత శ్రద్ధగా విప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

డబ్బా దించి, ఒక మూల స్టూలు మీద కూర్చుంది. వెళ్ళిపోదామనుకుంది గానీ మళ్ళీ ఆ బరువు కిందికి దింపాలి కదా అని ఆగింది. వాళ్ళ మాటలు వింటుంటే కోపంలో కూడా నవ్వొచ్చింది. “దీంట్లో గొంతు కాస్త ముందుకొచ్చింది” అంటాడొకడు. “ముందుకు కాదు సార్, పైకొచ్చింది” అంటాడు ఇంకొకడు. “బాస్ లావుగా ఉంది, నడుము లేదు” అని ఒక యాంప్లిఫయర్ గురించి సంబంధం చూసినట్టు మాట్లాడాడు రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. వెండి తీగ వాడితే పాట మారుతుందా మారదా అన్నదాని మీద ఇద్దరు ఒకరి చొక్కా ఒకరు పట్టుకోవడం ఒక్కటే తక్కువైంది.

తర్వాత అసలు పోటీ. పళ్ళ డాక్టరు విదేశం నుంచి తెప్పించిన యాంప్లిఫయరు ఒకవైపు, ఆమె భర్త ఇంట్లో బిగించింది ఒకవైపు. రెండింటి మీదా దుప్పటి కప్పారు. ఒకే పాట, ఒకే హెడ్‌ఫోన్, శబ్దం కూడా మీటరు పెట్టి సమానం చేశారు. ఒక్కొక్కరే వచ్చి విని, మొదటిదో రెండోదో చెప్పి వెళ్ళాలి. ఎక్కువమంది రెండోదన్నారు. దుప్పటి తీస్తే రెండోది ఆమె భర్తది. పళ్ళ డాక్టరు పెద్దమనసుతో వచ్చి భుజం తట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎన్ని సెలవురోజులు ఆ ఇనుప పెట్టె మీద వంగి, తీగలు అతికించే సీసం పొగ పీలుస్తూ గడిపాడో ఆమెకు తెలుసు. తన మీద తనకే ఆశ్చర్యం వేసేలా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు కూడా నలుగురు ఉలిక్కిపడ్డారు. ఈసారి ఆమె పట్టించుకోలేదు.

అప్పుడే రిటైర్డ్ మేనేజరు చేతులు రుద్దుకుంటూ, “ఇక హెడ్‌ఫోన్లు. బయటి చప్పుడు ఏది బాగా ఆపుతుందో చూద్దాం. ముందు మన బంగారు చెవులు ఆ అత్తగారి కథ చెప్పాలి. కొత్తవాళ్ళు వినలేదు” అన్నాడు.

“అవునవును, అత్తగారి కథ” అన్నారు ఇద్దరు ముగ్గురు. చెప్పకముందే నవ్వుతున్నారు.

అత్తగారి కథ. దానికి పేరు కూడా ఉంది. అడిగి చెప్పించుకునేంత పాతది.

“ఇప్పుడెందుకులెండి” అన్నాడు భర్త. ఆయన చూపు వచ్చి ఆమె మీద పడింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చూశాడు. చూశాడనడంలో అనుమానం లేదు, ఎందుకంటే వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. చుట్టూ నవ్వు ముఖాలు. గెలిచిన ఊపు. వెనక మూసి ఉండే ఆ హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకున్నాడు.

“ఏముంది, ఈ హెడ్‌ఫోన్లు వచ్చిన రోజే మా అత్తగారు బాత్రూంలో కాలు జారారు. అరగంట పిలిచారట. నాకు తెలిస్తేగా! కింది వాటావిడ వచ్చి మా తలుపు దబదబా బాదుతోందట. నేనేమో, ఆహా, డ్రమ్స్ ఎంత బాగా రికార్డు చేశారురా అని మెచ్చుకుంటున్నాను.” నవ్వులు. “కళ్ళు తెరిచి చూద్దును గదా, ఎదురుగా మా ఆవిడ. నోరు కదులుతోంది, చప్పుడు లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి! హెడ్‌ఫోన్లంటే ఇవిరా అనుకున్నా.”

హాలు ఘొల్లుమంది. ప్లాస్టిక్ కవర్లన్నీ ఒక్కసారి కరకరలాడాయి. ఈసారి ఎవరూ ష్ అనలేదు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అదేమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. డ్రమ్స్ అనుకోలేదాయన. ఏమీ వినలేదు. ఆ డ్రమ్స్ తర్వాత కల్పించినవి. ఎప్పుడో తీరిగ్గా కూర్చుని, ఇక్కడ ఇలా అంటే నవ్వుతారని ఆలోచించి, చెక్కి, నునుపు చేసి పెట్టుకున్నవి. అమ్మ ఆ గచ్చు మీద పడి ఉంటే, ఆ పడటానికి ఈయన మెరుగులు దిద్దాడు.

ఆమె లేచి ముందుకొచ్చింది. “అంత గొప్పవా అండీ ఇవి? నాకూ చూడాలని ఉంది. డాక్టరుగారూ, మీరు పెట్టుకోండి. పాట పెట్టండి. నేను పిలుస్తాను, వినపడుతుందేమో చెబుదురు.”

“భలే! వదిన గొంతుకే పరీక్ష” అన్నాడు మేనేజరు. అందరూ ముందుకు జరిగారు. ఒకరిద్దరు తమాషాకు చెవులు మూసుకున్నారు. పళ్ళ డాక్టరు హుషారుగా కుర్చీలో వాలి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకున్నాడు.

ఆమె అరవలేదు. ఆయన కుర్చీ వెనక నేలమీద కూర్చుంది. ఒక చెయ్యి కింద ఆన్చి, ఒక పక్కకు ఒరిగింది. అమ్మ గొంతుతో పిలిచింది.

“బాబూ... బాబూ... ఒకసారి రా బాబూ...”

డాక్టరు పాదం తాళం వేస్తోంది.

“బాబూ, పడ్డాను బాబూ... లేవలేకపోతున్నా... ఒంటిమీద గుడ్డ లేదు, టైలరమ్మను పిలువు బాబూ...”

చెవులు మూసుకున్నవాళ్ళు చేతులు దించేశారు. డాక్టరు తల ఊపుతూ, పెదవులు ముడిచి, మంచి పాట అన్నట్టు నవ్వాడు. నవ్వేవాడు ఆ హాల్లో ఆయనొక్కడే మిగిలాడు.

“అమ్మాయికి ఫోన్ చెయ్యి బాబూ... బాబూ...”

“చాలమ్మా” అన్నాడు మేనేజరు.

“ఆవిడ ఇంతటితో ఆపలేదండీ” అని ఆమె మళ్ళీ పిలిచింది. భర్త దగ్గరికి వచ్చి, “లే. లేచి పద” అన్నాడు పళ్ళ బిగువున. ఆమె ఆయన వైపు చూడకుండా చూపుడువేలు పైకెత్తింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆమె పిలుస్తూనే ఉంది. పాట అయ్యేదాకా పిలిచింది.

పళ్ళ డాక్టరు హెడ్‌ఫోన్లు దించి, “అద్భుతం! ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పిలిచారా అసలు?” అని చుట్టూ చూశాడు.

ఆమె చీర దులుపుకుని లేచింది. “కొత్తవాళ్ళు కూడా విన్నారుగా” అంది మామూలు గొంతుతో. మెట్లు దిగి వచ్చేసింది. డబ్బా సంగతి ఆలోచించనైనా లేదు.

ఆయన సాయంత్రం టాక్సీలో వచ్చాడు. యాంప్లిఫయరు తనే మోసుకొచ్చినట్టున్నాడు, మెడ ఒక పక్కకు బిగుసుకుపోయి ఉంది. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

“నలుగురిలో నా తల కొట్టేశావు. ఇన్నేళ్ళ స్నేహాలు. ఏదో సరదాకి చెప్పాను. నవ్వుకోకపోతే ఆ రోజుని తలుచుకుని బతకలేను, అది నీకు తెలుసా?”

“సరదాకా? నీకు సరదా కావాలంటే నువ్వు పడు. నువ్వు పడి, నువ్వు తుంటి విరగ్గొట్టుకుని, నీ కథ నువ్వు చెప్పుకో!”

పెళ్ళైన తర్వాత ఆమె ఆయన్ను నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరికీ అది తెలిసింది. ఆగాల్సింది పోయి ఇద్దరూ ఇంకా పైకెళ్ళారు. ఆ హాల్లో ఎవరేమన్నారో, దాంతోపాటు పాత సంగతులన్నీ బయటపడ్డాయి. మైకు వదిన అనే పేరు ఎవరు పెట్టారని ఆమె నిలదీసింది. నేను కాదన్నాడు. వద్దన్నావా అని అడిగింది.

“నోళ్ళు ముయ్యండి” అంది అమ్మ.

ఎవరికీ వినపడలేదు. ఆవిడ వాకర్ ఎత్తి నేలకేసి కొట్టింది. ఇద్దరూ తిరిగి చూశారు.

“పడింది నేను. మీరిద్దరూ కాదు. బాబూ, నువ్వు నా పడటాన్ని చెప్పి అక్కడ నవ్వించావు. ఏమే, నువ్వు నా గొంతు పెట్టి అక్కడ ఏడిపించావు. ఒంటిమీద గుడ్డ లేదని కూడా చెప్పావటగా, ఇప్పుడు నువ్వే అరుస్తున్నావు, విన్నాను. నన్ను ఒక్కరైనా అడిగారా?”

లాండ్రీ అక్క చూపు దించుకుంది. ఆస్పత్రిలో ఇస్త్రీ రోలర్ల దగ్గర టీ తాగుతూ ఆ కథ తను మాత్రం ఎన్నిసార్లు చెప్పలేదు? చెప్పినప్పుడల్లా భర్తకు ఇంకాస్త చెవుడు తగిలించి మరీ చెప్పింది.

“అరగంట పిలిచానని ఎవరు చెప్పారు నీకు?” అమ్మ అల్లుడి వైపు తిరిగింది. “కాసేపు పిలిచాను. తర్వాత ఆపేశాను. గొంతు పోయి కాదు. ఒళ్ళు మండి. ఇంకోసారి పిలిస్తే బతిమాలినట్టవుతుందనిపించింది. నేనూ ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెవులకు తగిలించుకునే కూర్చున్నాను నాయనా. ఎవరైనా పిలిస్తే పలకడానికి.” ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆవిడ వదల్లేదు. “ఆ గచ్చు మీద పడుకుని నిన్నే కాదు, దీన్నీ తిట్టుకున్నాను. ఆ గోడలకు గుడ్డ మోసుకొచ్చింది ఎవరే? తలుపుకి రబ్బరు కోసి ఇచ్చింది ఎవరు? ఇద్దరూ కలిసి కట్టుకున్న గదేగా అది!”

“ఏం చెయ్యమంటారు? అమ్మెయ్యమంటే అన్నీ అమ్మేస్తాను” అన్నాడు ఆయన. గొంతు పూర్తిగా దిగిపోయింది.

“నాకెందుకు నీ త్యాగాలు? రేపు వాటిని తలుచుకుని ఏడుస్తావు, ఆ ఏడుపు నేను చూడాలి. ఆ తలుపు పీకేయ్. అంతే. ఇప్పుడే.”

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మెడ తిరగక కిందికి వంగలేకపోతుంటే, అడుగున ఉన్న బందులు ఆమె విప్పింది. ఆఖరి మర ఊడగానే తలుపు బరువంతా ఒక్కసారి మీదికొచ్చింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని హాల్లోంచి మోసుకెళ్ళారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మర్నాడు టైలరమ్మ, బట్టలు కత్తిరించుకునే బల్లకు పనికొస్తుందని ఆ తలుపు అడిగి తీసుకుపోయింది.

వారం తిరక్కముందే పళ్ళ డాక్టరు బిస్కెట్ల డబ్బాతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటూ, “పెద్దమ్మగారూ, మేం మనుషులం కాదు, క్షమించండి” అన్నాడు. అమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, పైపళ్ళ సెట్టు వదులైందని తీసి చేతికిచ్చింది. ఆ పెద్దమనిషి దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూస్తూ, క్షమాపణ ఎక్కడిదాకా చెప్పాడో మరిచిపోయాడు. లాండ్రీ అక్క వంటింట్లో నిలబడి విన్నది. నవ్వు రాలేదు. అమ్మ అంత తేలిగ్గా వదిలేసినందుకు అమ్మ మీదా కోపం వచ్చింది.

ఆ తర్వాత ఆయన పాటలు తలుపు లేని గదిలోనే వింటున్నాడు. చెవులు మూసే ఆ హెడ్‌ఫోన్లు అటక ఎక్కాయి. వెనక తెరిచి ఉండే రకం వాడుతున్నాడు. వాటిలోంచి పాట సన్నగా హాల్లోకి కారుతుంది, హాల్లో మాటలు ఆయన చెవుల్లోకి పోతాయి. అత్తగారు దగ్గితే తల తిప్పుతాడు. తిప్పాల్సిన అవసరం లేనప్పుడు కూడా తిప్పుతాడు. ఒకరోజు భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, అత్తగారికి చెప్పాడు. “డ్రమ్స్ మాట అబద్ధం అండీ. నేను కల్పించాను.” ఆవిడ “తెలుసు” అంది. పెరుగు అందుకుంది.

కొన్ని నెలలకు ఆయన మళ్ళీ ఆ స్నేహితుల దగ్గరికి వెళ్ళాడు. ఆమె వెళ్ళలేదు, రమ్మని ఆయన అడగలేదు. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, “ఎవరూ ఆ ఊసెత్తలేదు” అన్నాడు.

“ఎత్తితే?”

ఆయన తటపటాయించాడు.

“చెప్పనని చెప్పడానికి అంత ఆలోచన కావాలా?” అంది ఆమె.

“చెప్పను. చెప్పనే చెప్పను.” చెప్పులు పక్కన పెట్టి, “ఇంకా కోపంగానే ఉందా?” అని అడిగాడు.

“ఉంది.”

“ఎన్నాళ్ళుంటుంది?”

“నాకేం తెలుసు? నేనేమైనా పిలిచి తెచ్చుకున్నానా పొమ్మనడానికి? ఉన్నన్నాళ్ళు ఉంటుంది. మీరు దాంతో వేగండి, నేను వేగడం లేదూ!”

మళ్ళీ మీరు అంటున్నందుకు ఆయన ముఖం కాస్త తేటపడింది. అది చూసి ఆమెకు ఇంకా మండింది. మధ్యాహ్నం డ్యూటీకి వేళవుతోంది. రబ్బరు బూట్లు సంచిలో వేసుకుని, అమ్మకు మాత్రలు చేతికందేలా పెట్టి, బయటి తలుపు దగ్గరగా లాగి బయల్దేరింది.